సున్నాల మేడమ్ పిలుపుల పాఠం

ఈ ఏడాది చివర్న మా కాలేజీ కుటుంబ జీవన విభాగం నుంచి రిటైరవుతున్న సున్నాల మేడమ్ గురించి నాలుగు మాటలు రాసిమ్మని సంచిక వేస్తున్న పిల్లలు నన్నడిగారు. నాలుగు మాటలతో ఆగే నోరు కాదు నాది. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. ఆవిడ పాఠం చెప్పే గదికి పక్కగదిలో నేను కుట్టుపని నేర్పుతాను. ఇంటికెళ్తే ఆవిడ తోటికోడల్ని. ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడల్ని, అక్కా అని పిలుస్తాను. ఈ తోటికోడలన్న వరస ఒక ఏడాది ఊడిపోయేదాకా వచ్చి మళ్ళీ ఎలా నిలబడిందో, అదే రాస్తాను. మిగతా గొప్పలు సభలో ఎవరో ఒకరు చెబుతారులెండి.

సున్నాల మేడమ్ అన్న పేరు పిల్లలు పెట్టిందే. ఆవిడ చెప్పేది సామాజిక మానవశాస్త్రం. వంటిల్లు సర్దడం, పిల్లల్ని పెంచడం, బట్టలు కుట్టడం నేర్చుకుందామని వచ్చినవాళ్ళకి మొదటి ఏడాది ఆ పాఠం తప్పనిసరి. ఆ పేరు చూడగానే పిల్లల మొహాలు వేలాడిపోతాయి. అందుకని మొదటిరోజు అక్క ఆ పేరే ఎత్తదు. నల్లబల్ల మీద ఒక సున్నా గీసి, ఇది ఆడమనిషి అంటుంది. పక్కన త్రికోణం గీసి, ఇది మగమనిషి అంటుంది. సున్నా ఇల్లంతా దొర్లుతుంది, త్రికోణం వేసినచోటే కూర్చుంటుంది, కావాలంటే మీ ఇళ్ళలో చూసుకోండి అంటుంది. అంతటితో క్లాసు ఆవిడ చేతిలో పడుతుంది.

తర్వాత గీతలు. సున్నాకీ త్రికోణానికీ మధ్య రెండు అడ్డగీతలు పెడితే పెళ్ళి. కిందికి దింపితే పిల్లలు. మనిషి మీద ఏటవాలుగా గీత కొడితే ఆ మనిషి లేడని. పెళ్ళి గీతల మీద కొడితే ఆ పెళ్ళి లేదని. అన్నిటి మధ్యా ఒక సున్నాని సుద్దతో నింపేసి, ఇది నేను అంటుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో ఎప్పుడూ ఒక మనిషి దగ్గర నిలబడే చూడాలట. గాల్లో నిలబడి అత్తయ్య అనలేం, ఎవరికో ఒకరికి అత్తయ్యే అవ్వాలి. ఇన్నేళ్ళుగా ఆ నేను అన్న సున్నా అక్కే. ఉదాహరణకి ఆవిడ గీసేది మా ఇంటినే. మా ఆయన త్రికోణం, నా సున్నా, మా అమ్మాయి చిట్టి సున్నా, ఆ కాలేజీలో చదివిన ఆడపిల్లలందరికీ కంఠతా వచ్చు. ఆ బొమ్మ నాదని వాళ్ళకి తెలియదంతే. కాలేజీ గేటు దాటి లోపలికెళ్ళాక మేమిద్దరం ఒకరినొకరు మేడమ్ అనే అనుకుంటాం.

ఇదంతా మాకెందుకని ఏటా ఒక పిల్లయినా అడుగుతుంది. చదువయ్యాక మీరు నలుగురి ఇళ్ళకి సలహా చెప్పడానికి వెళ్తారు, ఆ ఇల్లు ఎవరిదో, ఎవరి మాట అక్కడ చెల్లుతుందో తెలియకుండా తల్లిపాల గురించి చెప్తే గోడకి చెప్పినట్టే అని అక్క జవాబు. అది తెలుసుకోడానికి ఒక పని పెట్టేది. ఎవరికి వాళ్ళు తెలియని ఇంట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక మూల కూర్చోవాలి. ఎవరు ఎవరికి ఏమవుతారని అడగకూడదు. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో వినాలి. ఎవరు ఎవరితో వేళాకోళం ఆడుతున్నారో, ఎవరి ముందు నోరు కట్టేసుకుంటున్నారో చూడాలి. మర్నాడు వచ్చి ఆ ఇంటి బొమ్మ గీయాలి. దీన్ని పిల్లలు పిలుపుల పాఠం అంటారు. నూటికి తొంభై బొమ్మలు సరిగ్గానే వస్తాయని అక్క మురిసిపోయేది. చుట్టరికం రక్తంలో లేదు, నోట్లో ఉందని ఆవిడ సిద్ధాంతం. అదే సిద్ధాంతం ఒకసారి ఆవిడ మెడకే చుట్టుకుంది.

మా ఇల్లు ఎలాంటిదో ముందు చెప్పాలి. వీధి వైపు కుట్టుకొట్టు. అందులో కత్తిరింపు బల్ల, రెండు మిషన్లు, నిలువుటద్దం. దాని వెనక ఇస్త్రీ బల్ల, అక్కడ మా ఆయన. ఇస్త్రీ బల్ల పక్కనుంచే మేడ మీదికి మెట్లు. ఆ పైన రెండు గదులు అక్కవీ బావగారివీ. ఇంకా వెనక్కెళ్తే వంటిల్లు, అందరికీ ఒకటే. కొట్లో కిటికీ పక్కన కుర్చీ మా అత్తయ్యది. ఆ కొట్టు పెట్టిందే ఆవిడ. చూపు మందగించాక మిషన్ దిగి, గుండీలు కుట్టడానికీ పాత కుట్లు విప్పడానికీ ఆ కుర్చీలో స్థిరపడింది. అక్కడినుంచి ఇల్లంతా ఏలేది.

అత్తయ్యకీ అక్కకీ క్షణం పడేది కాదు. ఒకరు కిటికీ తీస్తే ఒకరు మూసేవాళ్ళు. మెట్ల మీద పుస్తకాలు పెట్టిందని ఆవిడ సాధింపు, పుస్తకాల మీద దారపుండలు పెట్టిందని ఈవిడ సాధింపు. మీరు ఆపండి అత్తయ్యా అంటే, నువ్వు ఆపవే అని ఆవిడ. నాకు ఆ భాగ్యం లేదు. నన్ను అత్తయ్య ఒక్కనాడు గట్టిగా తిట్టలేదు. అమ్మాయ్, కాస్త చూడమ్మా అంటూ మెత్తగా మాట్లాడేది. నాకది గౌరవమనుకుని చాలా ఏళ్ళు పొంగిపోయాను.

ఇక మా ఆయన. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి మెట్లెక్కాలంటే అక్క ఇస్త్రీ బల్ల దాటాల్సిందే. జుట్టులో, జాకెట్టు చేతుల మీద సుద్దపొడి. దాన్ని చూసి మా ఆయన రోజూ ఒకటే మాట, ఏం వదినా, ఇవాళ ఎవరింటికి సున్నం కొట్టొచ్చావ్ అని. అక్క రోజూ ఒకటే జవాబు, ముందు నీ మొహం ఇస్త్రీ చేయించుకో అని. ఇద్దరికీ విసుగు లేదు. వినేవాళ్ళకి విసుగు. వదినా మరుదులకి వేళాకోళం ఆడే హక్కు చాలా సమాజాల్లో ఉందని, అది ఊరికే నవ్వడం కాదు, నువ్వు నా మనిషివని రోజూ చెప్పుకోవడమని అక్క ఒకసారి నాకు పాఠం చెప్పింది. చెప్పుకోవాలంటే కొత్త మాటొకటి వెతుక్కోరాదా అన్నాను.

బావగారి గురించి ఎక్కువ రాయను. రాస్తే ఈ కాగితం అంటుకుంటుంది. పెద్ద పెద్ద యంత్రాలు బాగుచేసే పని ఆయనది, ఊళ్ళు తిరిగేవాడు. తిరిగి తిరిగి ఒక ఊళ్ళో ఆగిపోయాడు. అక్కడ ఆయనకింకో మనిషి ఉందని తెలిసేసరికి చాలాకాలమే అయింది. అక్క గోల చెయ్యలేదు. వాళ్ళకి పిల్లల్లేరు. పంచుకోవడానికీ పోట్లాడుకోవడానికీ ఏమీ లేదని, ఇద్దరూ ఒప్పుకునే విడాకులు తీసుకున్నారు. ఆ ఏడాది కొత్తగా చేరిన పిల్లలకి అక్క మా ఇంటి బొమ్మ గీయలేదు. కోర్టునుంచి వచ్చిన రోజు కూడా అక్క మెట్లెక్కబోతూ మా ఆయన ముందు ఒక్క క్షణం ఆగింది. ఆయన తల వంచుకుని ఒక కాలర్నే మళ్ళీ మళ్ళీ రుద్దుతున్నాడు. ఆ రోజు సున్నం మాట లేదు. అన్న చేసిన పనికి తమ్ముడికి సిగ్గేసింది, అంతే. కానీ ఆ మర్నాటినుంచి ఆయన అక్కని మీరు అనడం మొదలెట్టాడు. మీరొచ్చారా, మీరు భోంచేశారా అని. గౌరవం ఎక్కువై మనిషిని ఎంత దూరం పెట్టగలదో అప్పుడు చూశాను.

ఇంకా కొన్నాళ్ళు అలాగే నడిచేదేమో, మా మామగారి అక్కగారు చుట్టపుచూపుగా రాకపోతే. మా ఆయనకి మేనత్త. పెద్దావిడ, మనసులో ఏదీ దాచుకోదు. కొట్లో కూర్చుని టీ తాగుతూ, మేడ మీద అడుగుల చప్పుడు విని, ఆ అమ్మాయి ఇంకా ఇక్కడే ఉందా అంది. ఉంది అన్నాను. ఏమవుతుందని ఉంది, అంది ఆవిడ. చెడ్డ ఉద్దేశంతో కాదు, నిజంగా తెలియకే అడిగింది. నేను నోరు తెరిచేలోగా అత్తయ్య, అది కాలేజీలో పనిచేస్తుంది అంది. అదేం జవాబో నాకిప్పటికీ తెలియదు. అడుగులు ఆగిపోయాయి. అక్క సగం మెట్ల మీద నిలబడి ఉంది.

ఆ సాయంత్రమే అక్క కాలేజీకి దగ్గర్లో ఒక అద్దె గది చూసుకుంది. చదువులయ్యేదాకా ఉండి, సెలవులివ్వగానే మారతానంది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడెవరో ఏదో వాగితే నువ్వెందుకు వెళ్ళాలని పోట్లాడాను. అప్పుడు అక్క చెప్పిన మాట ఇది.

"మీరంతా మంచివాళ్ళు కాబట్టి ఉండమంటున్నారు. మంచితనం మీద ఎన్నాళ్ళుంటాను? మనిషి ఏదో ఒకటి అయ్యి ఉండాలి ఇంట్లో. ఆవిడ అడిగిందాంట్లో తప్పేం లేదు. నేనూ పిల్లల్ని అదే అడుగుతాను."

పరుగున కిందికొచ్చి అత్తయ్యతో చెప్పాను, మీరొక్క మాట ఉండమనండి, ఉంటుంది అని. అత్తయ్య సూదిలో దారం ఎక్కించుకుంటూ, నేను పొమ్మన్నానా ఉండమనడానికి, అంది. ఒకరు మేడ మీద, ఒకరు కిటికీ దగ్గర. మధ్యలో మెట్లెక్కి దిగే పిచ్చిదాన్ని నేను.

ఇక అసలు సంగతి. చదువుకున్న చదువు ఒంటికి పట్టిన మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యని పని అక్క అప్పుడు చేసింది. పిలుపులు మానేసింది. తన బొమ్మలో తనే గీత కొట్టేసుకుంది కాబట్టి, ఆ గీత అవతల ఉన్నవాళ్ళెవర్నీ వరస పెట్టి పిలిచే హక్కు తనకి లేదనుకుంది. అబద్ధం ఆడకూడదని అనుకుంది. అత్తయ్యా అనడం లేదు. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి, మందు వేసుకున్నారా అంటుంది. మా ఆయన్ని ఏమనీ అనదు. నన్ను పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ చెల్లీ అనేది, ఇప్పుడు ఇదిగో, విను అనడం మొదలెట్టింది. మా అమ్మాయి మాత్రం పెద్దమ్మా పెద్దమ్మా అని కొంగు పట్టుకు తిరుగుతూనే ఉంది. దానికి పలికేది. తనని పిలిచే పిలుపుల్ని కాదనలేక, తను పిలవాల్సినవి మాత్రం మింగేసింది. నా మనసుకి ఎంత కష్టంగా ఉండేదో. రోజుకి పదిసార్లు చెల్లీ అన్న మాట వినడం అలవాటైన చెవి నాది.

అత్తయ్యకి ఇది వెంటనే తెలిసిపోయింది. చెవుడు తెచ్చుకుంది. అవును, తెచ్చుకుంది. నేను వంటింట్లోంచి అత్తయ్యా అంటే టక్కున పలికేది. వీధిలో ఎవరో గుసగుసలాడినా వినబడేది. అక్క మాత్రం ఎదురుగా నిలబడి మందు వేసుకున్నారా అంటే, కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. రెండోసారి అడిగితే, ఎవరితోనే మాట్లాడుతున్నావ్ అనేది. ఇంకోసారి భుజం తట్టి అడిగితే, వేసుకున్నాలే అని విసుక్కునేది. అయినా అక్క వదలదు. మోకాళ్ళకి తైలం రాసేది, కాళ్ళు లాక్కుంటే లాగి పట్టుకుని మరీ రాసేది. ఆవిడ తిట్టేది. ఈవిడ ఎదురు చెప్పేది. అంతా మామూలుగానే ఉండేది, ఆ ఒక్క మాట తప్ప. పాపం అక్కకి ఆ చెవుడు నిజమేననిపించి, డాక్టరుకి చూపించమని నాతో అంది. ఇంటింటి గుట్టూ చదివే శాస్త్రం నేర్చిన మనిషి! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చూపిస్తాలే అన్నాను.

అక్క పుస్తకాలు అట్టపెట్టెల్లోకి చేరుతున్నాయి. సెలవులు దగ్గరపడుతున్నాయి. అప్పుడు పిలుపుల పాఠం వచ్చింది.

నా కుట్టుపని క్లాసులో ఒక పొడుగమ్మాయి ఉండేది. ఊరికి కొత్త, ఎవరూ తెలియదు. పిలుపుల పాఠానికి కూర్చోడానికి ఒక ఇల్లు చూపించండి మేడమ్ అంది. మా కొట్టుకి రా అన్నాను. అక్కతో చెప్పలేదు. ఎందుకలా చేశావని మా ఆయన తర్వాత అడిగాడు. చేతనైన పని ఏదీ మిగల్లేదు, చేతికొచ్చింది చేశానన్నాను. నిజమే అది. పెద్ద ఎత్తు ఏమీ వెయ్యలేదు.

సెలవురోజు పొద్దున్నే ఆ అమ్మాయి వచ్చి ఇస్త్రీ బల్ల మూల ఎత్తుపీట మీద కూర్చుంది. కాసేపటికి మెట్లు దిగి వచ్చింది సాక్షాత్తూ వాళ్ళ మేడమ్. పిల్ల గతుక్కుమని లేచి నిలబడింది. అక్క నన్నొక చూపు చూసింది. ఇంకో ఇల్లు చూసుకో అని ఆ పిల్లతో చెప్పబోతే, కిటికీ దగ్గర్నుంచి అత్తయ్య, కూర్చోనీ, దాని చదువు అది చదువుకుంటుంది, అంది. ఈ మాట మాత్రం ఆవిడకి బాగానే వినబడింది. ఇక అక్కకి తన నియమమే అడ్డొచ్చింది. ఆ పిల్ల ఏమీ అడగకూడదు, తను ఏమీ చెప్పకూడదు. సాయంత్రం దాకా మా ఇల్లు మా ఇల్లులాగే ఉంది. నేను అత్తయ్యా అత్తయ్యా అని మర్యాదగా అటూ ఇటూ తిరిగాను, పిల్ల ముందు కాబట్టి అక్కని మేడమ్ అనే అన్నాను. అక్కా అత్తయ్యా కిటికీ దగ్గర ఒకసారి, తైలం దగ్గర ఒకసారి రుసరుసలాడుకున్నారు. మా ఆయన అక్కని మీరు, మీరు అన్నాడు. మా అమ్మాయి ఆ పిల్ల రాకముందే స్నేహితురాలింటికి పోయి రాత్రికి గానీ రాలేదు, పెద్దమ్మా అన్న పిలుపే ఆ రోజు లేదు. సాయంత్రం ఆ పిల్ల అందరికీ చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు మా కుట్టుపని గదిలో మిషన్లన్నీ ఆపించేశాను. ఇవాళ చేతికుట్టు అన్నాను. రెండు గదులకీ మధ్య చెక్క తడిక, అవతల సుద్ద గీసిన చప్పుడు కూడా వినబడుతుంది. తడికలో తలుపు ఉంది, దాన్ని కాస్త ఓరగా తీసిపెట్టాను. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. అది మా ఇంటి సంగతి.

పొడుగమ్మాయి వంతు వచ్చింది. నల్లబల్ల మీద పైన ఒక సున్నా గీసింది, మా అత్తయ్య. పక్కన త్రికోణం గీసి ఏటవాలు గీత కొట్టింది, గోడ మీద దండ వేసిన మామగారి ఫొటో చూసిందిగా. కింద ఇద్దరు పిల్లల్ని దించింది. ఒక త్రికోణం, మా ఆయన. ఒక సున్నా. ఆ సున్నా పక్కన మేడమ్ అని రాసింది. మా ఆయన త్రికోణానికి రెండు అడ్డగీతలు పెట్టి పక్కన ఇంకో సున్నా గీసి, కోడలు అని రాసింది. అది నేను.

అంటే ఆ ఇంటి కూతురు అక్క. బయటినుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నా సూది వేలికి గుచ్చుకుంది. ఇంత కాలం అత్తయ్యా అని గొంతు చించుకుని, అన్నం వండి పెట్టి, చివరికి నేను పరాయిదాన్నా అని ఒక్క క్షణం ఒళ్ళంతా మండింది. తర్వాత ఆ బొమ్మ మళ్ళీ చూశాను. మంట ఎటుపోయిందో తెలియదు, అక్క ఆ ఇంటిదేనని పరాయిపిల్ల కూడా చెప్పేసింది.

అక్క ఆ బొమ్మని పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత ఆ పిల్లనడిగింది, నన్ను కూతురని ఎందుకనుకున్నావు అని.

ఆ పిల్ల తడుముకోకుండా చెప్పింది. "మీరు ఆవిడని ఏమనీ పిలవలేదు మేడమ్. తిన్నగా వెళ్ళి భుజం మీద చెయ్యేశారు. కుట్టుపని మేడమ్ దూరంగా నిలబడి పిలిచారు. ఆవిడ మీ మీద అలిగి ఉన్నారు, రోజంతా. కోడలి మీద కోపం వస్తుంది గానీ అంత అలక ఉండదనిపించింది. కాళ్ళు లాక్కుంటే లాగి మరీ తైలం రాశారు. ఎవరో అయితే మానేస్తారు కదా."

అలిగి ఉన్నారు అన్న మాట దగ్గర అక్క వేళ్ళ మధ్య తిప్పుతున్న సుద్ద ఆగిపోవడం నేను తలుపు సందులోంచి చూశాను. చెవుడు కాదని ఆ పిల్ల ఒక్కరోజులో కనిపెట్టింది. అక్కకి ఇన్ని నెలలూ తెలియలేదు. ఇంట్లో ఉన్న మనిషికి ఇల్లు కనపడదని ఆవిడే చెప్పేది పాఠంలో.

తప్పొప్పులు దిద్దడం టీచరు పని. అక్క లేచి బల్ల దగ్గరికెళ్ళింది. తన పక్కన రాసిన మేడమ్ అన్న మాట ఉంచి, పైనుంచి తన మీదికి దిగిన గీతని చేత్తో తుడిచేసింది. మా ఆయన పక్కన ఇంకో త్రికోణం గీసి దానికి గీత దించింది. ఆ త్రికోణానికీ తనకీ మధ్య రెండు అడ్డగీతలు పెట్టింది. ఒక్క క్షణం ఆగి వాటి మీద ఏటవాలుగా కొట్టింది. అందరికీ అర్థమైంది. ఆ గీత పడ్డాక బొమ్మలో ఆ సున్నాకి ఎవరితోనూ సంబంధం లేదు. అంచున ఒంటిగా పడి ఉంది. ఆవిడ రోజూ మోస్తున్నది అదేనని చూస్తూ ఉంటే నాకు ఏడుపు ఆగలేదు. సూదులు పట్టుకుని కూర్చున్న పిల్లలు నన్నే చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

వెనక బెంచీనుంచి ఒక పిల్ల లేచి అడిగింది, అలాగైతే ఆవిడ మీకేమవుతారు మేడమ్, గీత లేదు కదా అని. మేనత్త అడిగిన ప్రశ్నే. అదే మాట, కొత్త నోరు. అక్క ఆ పిల్ల వైపు తిరిగింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆనాడు అత్తయ్య చేసినట్టు మాట దాటేస్తుందో, ఇంటి యజమానురాలు అంటుందో, లేక ఏమీ కారు అనేస్తుందో. అన్నిటికీ సిద్ధపడ్డాను.

"మా అత్తయ్య," అంది అక్క. అని, మళ్ళీ చెప్పింది. "ఆవిడ మా అత్తయ్య. గీత లేకపోవడం ఈ బొమ్మలో లోపం. మా అత్తయ్యలో లేదు."

తర్వాత పాఠం ఎలా నడిచిందో నేను వినలేదు. వినే స్థితిలో లేను.

సాయంత్రం నేనే ముందొచ్చాను. అత్తయ్యకి ఏమీ చెప్పలేదు. చెప్తే చెడిపోతుందనిపించింది. నోరు మూసుకుని కూర్చోవడం నా జీవితంలో ఎప్పుడైనా జరిగిందంటే ఆ సాయంత్రమే. అత్తయ్య ఒడిలో చొక్కా పెట్టుకుని గుండీ కుడుతోంది. మా ఆయన ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నాడు. అక్క వీధి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మామూలుగా అయితే తిన్నగా వచ్చి భుజం మీద చెయ్యి వెయ్యాలి. ఇవాళ వెయ్యలేదు. అక్కడే నిలబడి, మేడ మీదికి వినబడేంత గట్టిగా, "అత్తయ్యా," అంది.

అత్తయ్య తలెత్తలేదు. దారం ముడివేసింది. పళ్ళతో తెంపింది. గుండీ పట్టుకుని లాగి చూసుకుంది.

"ఎందుకే అంత అరుపు? నా చెవులు బాగానే ఉన్నాయి. నువ్వే పిలవలేదు ఇన్నాళ్ళూ."

అక్క నాలుగడుగులు వేసి ఆవిడ కుర్చీ పక్కన నేలమీదే కూర్చుండిపోయింది. ఆ మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. అత్తయ్య చొక్కా పక్కన పెట్టి, ఆ జుట్టులో సుద్ద దులపడం మొదలెట్టింది. పైన ఆ పెట్టెలు ఇవాళే విప్పు, పురుగు పడుతుంది, అంది. ఉండమని అప్పుడూ అనలేదు. పొమ్మన్నది ఎప్పుడు గనక.

మా ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. ఏం చెయ్యాలో తెలియక చేతులు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ మీరు మీరు అన్న మనిషి, ఎక్కడినుంచో గొంతు తెచ్చుకుని అన్నాడు.

"ఏం వదినా, ఇవాళ ఎవరింటికి సున్నం కొట్టొచ్చావ్?"

అక్క తల ఎత్తలేదు. ఆ మోకాళ్ళ మధ్యనుంచే తడి గొంతుతో జవాబు వచ్చింది, ముందు నీ మొహం ఇస్త్రీ చేయించుకో అని. అత్తయ్య పకపకా నవ్వింది. ఆవిడ అలా నవ్వడం ఆ ఏడాదిలో అదే మొదలు.

నేను అక్కడే, అద్దం దగ్గర నిలబడి ఉన్నాను. నా సంగతి ఎవరికీ గుర్తులేదనుకున్నాను, కాస్త ఉక్రోషంగా కూడా ఉంది. అక్క కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"చెల్లీ, టీ ఉందా?" అంది.

లేదు. వెళ్ళి పెట్టాను.